గాలి గొట్టం

పటమట, విజయవాడ
9 జూన్ 2025

సూరయ్య గారికి,

క్షేమం అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. మీ గొంతు నా చెవిన పడకూడదని ఒట్టు పెట్టుకుని ఇరవై రెండేళ్లు కావస్తోంది. అందుకే ఫోను చేయకుండా కాగితం మీద రాస్తున్నాను. చదివి చింపేయండి.

మా పద్మిని కారు పెట్రోలు ట్యాంకు అడుగు తుప్పు పట్టి కారడం మొదలుపెట్టింది. ఆటోనగర్ అంతా తిరిగాను. నలభై మూడేళ్ల బండికి ట్యాంకు ఎవరి దగ్గరా లేదు. బండిని తుక్కుకు ఇచ్చేయమని ఒకాయన ఉచిత సలహా కూడా పారేశాడు. అప్పుడు మా ఆయన, తనకు తెలిసిన పనివాడు ఉన్నాడని చెప్పి పాత ట్యాంకు పట్టుకుని ఎటో వెళ్లారు. మే నెల మధ్యలో కొత్తది వచ్చింది. అతుకు ఎక్కడుందో కనబడని ఆ పని చూసి నేను మురిసిపోయాను. ఎవరో గానీ మంచి పనిమంతుడని నా నోటితో నేనే అన్నాను. మా ఆయన జానకిరామ్ గారు ఆ మాట విని నేల చూపులు చూశారు. ఆయన మోకాళ్లు నొప్పి పుట్టి అలా ఉన్నారనుకున్నాను.

మొదటి వారం బండి బాగానే తిరిగింది. తర్వాత కనకదుర్గ వారధి నడిమధ్యలో ఆగిపోయింది. వెనక లారీలు, ఒకటే హారన్లు. మా అమ్మాయి హేమకు ఆ బండి మీదే డ్రైవింగు నేర్పిస్తున్నాను, స్టీరింగు దగ్గర ఉన్నది అదే. పిల్ల హడలిపోయి స్టీరింగు వదిలేసింది. అరగంటకు దానంతట అదే స్టార్టయింది. రెండోసారి బెంజ్ సర్కిల్‌లో. శుక్రవారం నాడు గుణదలలో మూడోసారి. ఆ పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి, నాలుగు దులిపి వస్తాను అంటే, అప్పుడు మా ఆయన నోరు విప్పారు. ఆ పనివాడు గిలకలదిండిలో పడవలకు డీజిలు ట్యాంకులు చేసే మా అన్నగారట.

తమ్ముడు నాంచారయ్య కొత్త పడవకు ట్యాంకు చేసింది ఆ చేతులే. ఇంజనుకు డీజిలు అందక పడవ సముద్రంలో ఆగిపోయింది. పడవలో పనిచేసే కళాసీలిద్దరూ వేరే పడవను పట్టుకుని బతికారు. పడవ వదిలి రానన్న ఇరవై నాలుగేళ్ల నా తమ్ముణ్ణి అలలు లాక్కుపోయాయి, తిరిగి రాలేదు. గాలి గొట్టం సరిగ్గా పెట్టలేదని ఊరి పెద్దల ముందు మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. ఒక ప్రాణం చాలలేదా? ఇప్పుడు నా కూతురు కావాల్సి వచ్చిందా?

నిన్న సుబ్బరత్నం పిన్ని మనవడి అన్నప్రాశనలో మన వాళ్లందరి ముందూ ఈ సంగతి చెప్పాను. మీ దాకా వచ్చే ఉంటుంది. ట్యాంకు విప్పించి తుక్కులో వేయిస్తున్నాను.

ఇట్లు,
జానకిరామ్ గారి భార్య పెద్దింట్లమ్మ


గిలకలదిండి, బందరు
14 జూన్ 2025

నాకు ‘గారు’ తగిలించి రాసిన పెద్దింట్లమ్మ గారికి, చిన్నప్పుడు తమరిని భుజం మీద ఎక్కించుకుని రేవుకు మోసుకెళ్లిన సూరయ్య రాస్తున్నాడు.

చింపమన్నావు, చింపలేదు. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఒళ్లు మండింది.

మీ ఆయన్ని నేను పిలవలేదు. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, తుప్పు పట్టిన ట్యాంకు ఒళ్లో పెట్టుకుని, బందరు బస్సులో ఆయనే వచ్చారు. చెల్లెలికి తెలిస్తే కొంప మునుగుతుంది, వద్దు బావగారూ అన్నాను. ఆ కారు తుక్కుకు పోతే ఆవిడ మంచం పడుతుంది అన్నారు. వేట నిషేధం ఉన్న రెండు నెలలే నాకు పని దొరికే రోజులు. పడవల పని పక్కన పెట్టి నీది చేశాను. పాతదాని కొలత మిల్లీమీటరు తేడా రాకుండా తీసుకున్నాను. నీళ్ల తొట్టిలో ముంచి రెండు రోజులు చూశాను, ఒక్క బుడగ రాలేదు.

గాలి గొట్టం సంగతి నాకు నువ్వు నేర్పక్కర్లేదు. ట్యాంకులోంచి పెట్రోలు ఎంత పోతుందో అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే పెట్రోలు కదలదు, ఇంజను ఆగిపోతుంది. లోకంలో ఈ ముక్క అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ణి నేను. అందుకే ట్యాంకు నెత్తిన గొట్టం పెట్టి, పెట్రోలు పోసే మూత పక్కనే, బయటి గాలి తగిలేటట్టు కొన తెచ్చి నిలబెట్టాను. డిక్కీలోకి వాసన రాకూడదని అలా చేశాను. అందులో బియ్యపు గింజ అడ్డు లేకుండా దొర్లుతుంది.

రేపు పడవలు వేటకు వెళుతున్నాయి. నీ అన్నప్రాశన ఉపన్యాసం పుణ్యమా అని నిన్న ముగ్గురు పడవలవాళ్లు నా కొట్టుకొచ్చారు. ఇద్దరు ట్యాంకులు విప్పించుకుని వేరే పనివాళ్ల దగ్గరికి తీసుకుపోయారు. మూడోవాడు నా మొహం చూడలేక తలుపు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. పెద్దల ముందు ఆ మాట ఒప్పుకున్నాక ఈ రేవులో నా చేతికి మళ్లీ పని ఇవ్వడానికి వీళ్లకు ఏడేళ్లు పట్టింది. నువ్వు ఒక్క పూటలో ఊడ్చేశావు. నన్ను తిట్టు, పడతాను. నా పనిని తిట్టడానికి నీకు ఏం తెలుసని?

ట్యాంకు విప్పకు. బండి ఆగినప్పుడు పెట్రోలు మూత తీసి చూడు. ఉస్సుమని శబ్దం వస్తుందో రాదో, మూత తీశాక వెంటనే స్టార్టవుతుందో లేదో రాయి. అప్పుడు తేలుద్దాం ఎవరి తప్పో.

సూరయ్య

హేమకు డ్రైవింగు నేర్పేటప్పుడు వారధి మీదికి తీసుకెళ్లడం ఏమిటి? కొంచెం బుద్ధి ఉండాలి.


పటమట
23 జూన్ 2025

సూరయ్య అన్నయ్యకి,

‘మీరు’ అనడం మానేశాను. మర్యాదగా తిట్టడం చేతకావడం లేదు.

నువ్వు అడిగావు కదా, విను. ఆటోనగర్‌లో లాజరు అని పాత బళ్లు చూసే మెకానిక్కు ఉన్నాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద కంకిపాడు వైపు బండి తీశాను. పన్నెండు కిలోమీటర్లు తిరిగేసరికి దగ్గి ఆగిపోయింది. లాజరు మూత తిప్పాడు. ఉస్సుమంది. నీకు ఎంత గట్టిగా వినబడాలో అంత గట్టిగా అంది. డిక్కీలో ట్యాంకు రేకు లోపలికి పీక్కుపోయి ఉంది, మూత తీయగానే డబ్బుమని పైకి లేచింది. తర్వాత ఒక్క దెబ్బకు స్టార్టయింది. లోపలికి గాలి పోవడం లేదమ్మా అన్నాడు లాజరు.

తేలిందిగా ఎవరి తప్పో. బియ్యపు గింజ దొర్లుతుందన్నావు. అందులో గాలే దొర్లడం లేదు.

ఇప్పుడు మూత వదులుగా పెట్టుకుని నడుపుతున్నాను. పెట్రోలు వాసనకి హేమ తల తిరుగుతోందని వెనక సీట్లో పడుకుంటోంది. డ్రైవింగు నేర్చుకోనని మొండికేసింది. మా ఆయన నాతో మాట్లాడడానికి భయపడి రోజూ పొద్దున్నే నూజివీడు రసాలు తెచ్చి బల్ల మీద పెట్టి పోతున్నారు. ఇంటి నిండా మామిడి పళ్లు, ఒక్కరికీ తినబుద్ధి కావడం లేదు.

మూత ఉస్సుమన్నప్పుడు నాకేం అనిపించిందో తెలుసా? ఆ రోజు తమ్ముడు ఇంజను మీద వంగి తిప్పుతూ ఉంటాడు. ట్యాంకు నిండా డీజిలు ఉంది, మూత తీసి చూడాలని వాడికి తోచలేదు. ఒక్క మూత తీస్తే ఇంటికి వచ్చేవాడు. నాకు ఇవాళ తెలిసింది ఆ సంగతి. నీకు అప్పుడే తెలుసు కదా. తెలిసి ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ అదే గొట్టం నాకు పెట్టి పంపావు. పనివాడు ఒకసారి పొరపాటు చేస్తాడు. రెండోసారి చేస్తే దానికేం పేరు పెట్టాలో నువ్వే చెప్పు.

పెద్దింట్లమ్మ


గిలకలదిండి
1 జూలై 2025

చెల్లాయ్,

నీ ఉత్తరం అందింది. తప్పు నాదే. గొట్టం సన్నంగా పెట్టాను. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, కొలత తప్పి ఉంటాను.

ట్యాంకు విప్పించి బందరు బస్సులో వేసి పంపించు. వేరే గొట్టం పెట్టి వారంలో తిప్పి పంపుతాను. లాజరును ఆ గొట్టం జోలికి పోవద్దను. నువ్వు కూడా ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు పంపించు.

అన్నప్రాశనలో నువ్వు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పడవలవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

సూరయ్య


పటమట
12 జూలై 2025

అన్నయ్యా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చూసి నాకు వచ్చినంత కోపం ముందు నెల రోజుల్లోనూ రాలేదు. మొన్నటిదాకా మిల్లీమీటరు తేడా రాదన్నవాడికి ఇవాళ చూపు ఆనడం లేదా? నా మీద అంత ఎత్తున లేచినవాడివి ఇంత సులువుగా ఒప్పుకున్నావంటే గొట్టంలో ఇంకేదో దొంగతనం ఉందనుకున్నాను. పాత గొట్టం ముక్క వేశావనీ, అది నా కంట పడకూడదనే ముట్టుకోవద్దన్నావనీ అనుకున్నాను. కారు తీసుకుని నేరుగా లాజరు దగ్గరికి పోయి, నా కళ్ల ముందు గొట్టం విప్పమన్నాను.

లాజరు సన్న తీగ తీసి కొనలో గుచ్చాడు. దిగలేదు. గట్టిగా పొడిస్తే పెళ్ల ఊడి అరచేతిలో పడింది. పచ్చగా ఉంది. పసుపు, అన్నయ్యా. ఎండి రాయిలా బిగుసుకుపోయిన పసుపు, మధ్యలో కుంకుమ చారలు.

కొత్త ట్యాంకు వచ్చిన మొదటి శుక్రవారం నుంచి పెడుతున్నాను. మనింట్లో పడవకు పెట్టినట్టే బండికి పెడతాను కదా. స్టీరింగుకు, నాలుగు చక్రాలకు, పెట్రోలు మూతకు. మూత పక్కనే ముద్దుగా నిలబడి ఉందని ఆ గొట్టం కొనకు కూడా ముద్దంత పసుపు అద్ది బొట్టు పెట్టాను. శుక్రవారం తర్వాత శుక్రవారం.

లాజరు నవ్వాడు. దీన్ని ఊపిరి పీల్చుకోనివ్వండమ్మా అన్నాడు. నేనూ నవ్వాను. మనసులో నీకు క్షమాపణ ఎలా చెప్పాలా అని కూడా ఆలోచించాను, ఎంత ఏడుపు మొహంతో చెప్పాలో అని. మూత బిగించి కంకిపాడు దాకా వెళ్లి వచ్చాను. ఎక్కడా ఆగలేదు.

పటమట సెంటర్లో సిగ్నలు దగ్గర నిలబడి ఉండగా అమ్మ మాట గుర్తొచ్చింది. తర్వాత బండి ఎలా పక్కకు తీశానో నాకు తెలియదు.

నాంచారయ్య పడవ నీళ్లలోకి దింపిన రోజు నేను పురిటికి వచ్చి మనింట్లోనే ఉన్నాను. హేమ కడుపులో ఉంది. కడుపుతో ఉన్న మనిషి కొబ్బరికాయ కొట్టకూడదని ఆ పని పిన్నికిచ్చి, ఆడపడుచును కదా, పసుపు పళ్లెం నా చేతికి ఇచ్చారు. పడవ ముందు కొసన అణియానికి పెట్టాను. ఇంజనుకు పెట్టాను. నువ్వు చేసిన ట్యాంకు కొత్త రేకు తళతళా మెరుస్తోంది. దాని నెత్తిన ఒక గొట్టం నిలబడి ఉంది. ఏ కొసా బోడిగా వదలకే అమ్మాయ్ అంది అమ్మ. నేను వదల్లేదు.

మూడో రోజు పడవను లాక్కొచ్చారు. నన్ను రేవుకు రానివ్వలేదు. ముందుగా పడవ ఎక్కింది నువ్వే అని చెప్పారు.

నాకు ఇంకేమీ రాయొద్దు. ఆ గొట్టంలో ఏముందో నువ్వు చూశావా లేదా? చూశాను, లేదు. ఈ రెండిట్లో ఒక్క మాట రాయి. అబద్ధం రాశావంటే మాత్రం నేను ఊరుకోను.

పెద్దింట్లమ్మ


గిలకలదిండి
18 జూలై 2025

పెద్దింట్లూ,

చూశాను.

ముట్టుకోవద్దని చెప్పాను. మనిషి ఒక మాట చెబితే వినే అలవాటు నీకు పుట్టుకతోనే లేదు. మూత ఉస్సుమందని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే బావగారికి ఫోను చేసి, ఇది శుక్రవారాలు కారుకు పసుపు పెడుతుందా అని అడిగాను. పెడుతుందన్నారు. అందుకే తప్పు నాదని రాశాను. ట్యాంకు నాకు పంపి ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది?

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఒక్కసారే చెబుతాను. పడవ రేవుకు చేరినప్పుడు మీదికి ఎక్కింది నేను ఒక్కణ్ణే. నా ట్యాంకులో లోపం ఏమిటో చూడాలని ఎక్కాను. గొట్టంలోకి తీగ గుచ్చాను. పచ్చగా వచ్చింది. ఆ పూట నీకు ఎనిమిదో నెల. మూడు రోజులుగా మంచినీళ్లు ముట్టలేదని, కడుపులో బిడ్డ దక్కడం కష్టమని డాక్టరు చెప్పి అప్పటికి గంట కాలేదు. ఆ పసుపు లుంగీకి తుడుచుకుని, గొట్టం శుభ్రం చేసి, కిందికి దిగాను. గాలి గొట్టం నేనే సరిగ్గా పెట్టలేదని పెద్దలకు చెప్పాను. ముందు అనుకుని చెప్పింది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

నువ్వేదో హంతకురాలివి అయినట్టు రాయకు. మన ఇళ్లలో ఆడవాళ్లు పడవ మీద చెయ్యి అందిన ప్రతిదానికీ పసుపు పెడతారని తెలిసినవాణ్ణి, గొట్టాన్ని నోరు తెరిచి పైకి నిలబెట్టినవాణ్ణి నేను. ఆ తర్వాత పడవలకు కొన కిందికి వంచి జాలీ వేస్తున్నాను. కారు నడిపే పట్నం ఆవిడ పెట్రోలు గొట్టానికి బొట్టు పెడుతుందా అనుకుని నీదానికి వేయలేదు. పోయిన ఉత్తరంలో ఒప్పుకున్న తప్పు అబద్ధం. ఈ తప్పు నిజం.

నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడం చేతకావడం లేదు. ఇన్నేళ్లు కష్టపడి దాచింది నువ్వు నాలుగు శుక్రవారాల్లో బయటికి లాగావు. నువ్వు తిడుతుంటే పడటం నాకు అలవాటైంది. అందులో పెద్ద బాధ కూడా ఏమీ లేదు. నువ్వు కుళ్లి కుళ్లి ఏడుస్తున్నావని తెలిస్తే మాత్రం నా వల్ల కాదు.

ఈ ఉత్తరం కాల్చెయ్. హేమకు చెప్పకు. మన ఊళ్లో ఎవరికీ చెప్పకు. అందరూ మరిచిపోయిన సంగతి.

సూరయ్య


పటమట
23 జూలై 2025

అన్నయ్యా,

అందరూ మరిచిపోయారా? పడవలవాళ్లు ట్యాంకులు విప్పించుకుని పోయింది పోయిన నెలలోనే కదా.

ఏడవడం అయిపోయింది. మూడు రోజులు ఏడ్చాను. నీకు చెప్పకుండానే ఏడ్చాను కాబట్టి నువ్వు కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు మిగిలింది కోపం. ఇరవై రెండేళ్లు నీ మీద పెంచుకున్నదాన్ని నేను కోపం అనుకున్నాను. అది కాదు. అసలు కోపం ఇప్పుడు వస్తోంది.

బిడ్డ పుట్టేదాకా దాచావు, సరే. హేమ పుట్టాక ఎందుకు చెప్పలేదు? దానికి ఏడాది నిండాక? అది బడికి వెళ్లాక? నేను మోయలేనని నువ్వు ఒక్కడివే తేల్చేశావు. నన్ను అడిగావా? తమ్ముడు నా చేతి పసుపుతో పోయాడు. ఉన్న ఒక్క అన్నను నాకు లేకుండా చేసింది మాత్రం నువ్వే. అది నేను చేసిన పని కాదు.

అమ్మ పోయేటప్పటి సంగతి నువ్వు రాయలేదు. నేను రాస్తాను. నువ్వు గ్లాసుతో నీళ్లు తెచ్చావు. కొడుకుని చంపినవాడి చేతి నీళ్లు నాకొద్దు అంది అమ్మ. నువ్వు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డావు. నీ చేతిలోంచి ఆ గ్లాసు లాక్కుని అమ్మ నోట్లో పోసింది నేను. నా చేత్తో పోస్తే తాగింది, అన్నయ్యా. నువ్వు చూస్తూ నిలబడ్డావు. అప్పుడు కూడా నోరు విప్పలేదు. ఆ నిమిషానికి నిన్ను నేను ఎప్పుడు క్షమిస్తానో నాకే తెలియదు.

హేమకు నిన్న పొద్దున చెప్పాను. అది లేచి వెళ్లి కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది.

ఆదివారం వస్తున్నాం. అది నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను. ఊరి పెద్దల్లో ఆనాడు ఉన్నవాళ్లు ఎంతమంది మిగిలారో అంతమందినీ రేవు దగ్గరికి పిలిపించు. ట్యాంకులు విప్పించుకుని పోయిన పడవలవాళ్లను కూడా పిలువు. నువ్వు పిలవకపోతే నేనే ఇంటింటికీ తిరిగి పిలుస్తాను. పసుపు పెట్టింది ఎవరో, అది తుడిచింది ఎవరో వాళ్ల ముందు నేను చెబుతాను. చెల్లెలికి మతి చెడిందనీ, గొట్టం తప్పు నాదేననీ నువ్వు మధ్యలో లేస్తావు, నాకు తెలుసు. లేచావంటే అందరి ముందే కూర్చోబెడతాను. ఆనాడు నన్ను అడగకుండా నా బదులు నువ్వు మాట్లాడావు. ఈసారి నేను మాట్లాడేదాకా నువ్వు నోరు మూసుకుని నా పక్కన కూర్చో.

నీ చెల్లెలు
పెద్దింట్లమ్మ